తడి చాలు, లోతు వద్దు

పది కిలోల బరువున్న బిడ్డ ఒంటి మీది నుంచి 15 మిల్లీలీటర్ల నీళ్ళు, అంటే ఒక పెద్ద చెంచాడు, ఆవిరైపోయాయనుకుందాం. ఆ ఆవిరికి కావలసిన వేడి అంతా ఒంటి నుంచే వస్తే బిడ్డ శరీర ఉష్ణోగ్రత దాదాపు ఒక డిగ్రీ సెల్సియస్ దిగుతుంది. లెక్క సులువే. ఒంటి వేడి దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీలు కావాలి. చెంచాడుకు 8,700. కిలో మానవ దేహం ఒక డిగ్రీ చల్లబడాలంటే సుమారు 830 కేలరీలు పోవాలి. పది కిలోలకు 8,300. నిజానికి కొంత వేడి చుట్టూ ఉన్న గాలి నుంచి వస్తుంది, కొన్ని నీళ్ళు ఆవిరి కాకుండానే కిందికి కారిపోతాయి, శరీరం కూడా కొత్త వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. ఇవన్నీ తీసేసినా మిగిలేది చిన్న సంఖ్య కాదు. ఎండకాలం పిల్లల నీళ్ళాట గురించి మాట్లాడేటప్పుడు ముందు గుర్తుంచుకోవలసింది ఈ చెంచాడు నీళ్ళనే. చల్లదనానికి కొలత టబ్బులో ఎన్ని నీళ్ళున్నాయన్నది కాదు, ఒంటి మీది నుంచి ఎన్ని ఆరిపోయాయన్నది.

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఏప్రిల్ సగం నుంచి జూన్ మొదటి వారం దాకా పగలు 40 డిగ్రీలు దాటడం మామూలు సంగతి. కొన్ని రోజులు 43, 44 కూడా చూస్తాం. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపూ వేడి మన ఒంట్లో నుంచి గాలిలోకి పోతుంది. గాలి 42కు చేరితే వేడి ఎదురు తిరిగి గాలిలో నుంచి ఒంట్లోకి వస్తుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలే ఇంకా వేగంగా తగులుతుంది. అప్పుడు శరీరానికి మిగిలే దారి ఒక్కటే, తడి ఆరడం. చెమటైనా సరే, పైన చల్లిన నీళ్ళైనా సరే.

ఈ విషయంలో వరంగల్‌కు ఒక అనుకూలత ఉంది. ఇక్కడి ఏప్రిల్, మే నెలల ఎండ పొడి ఎండ. గాలిలో తేమ 20 శాతం, ఉష్ణోగ్రత 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం, తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకం నీడలో చూపేది దాదాపు 24 డిగ్రీలే. రంజన్‌లో నీళ్ళు చల్లబడేది ఇలాగే. మట్టి గోడల్లోంచి చెమర్చిన తడి ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. తడిసిన బిడ్డ చర్మం కూడా అదే పని చేస్తుంది. కోస్తాలో గాలి తేమగా ఉంటుంది కనుక అక్కడ 36 డిగ్రీలకే ఒళ్ళు ఉడికిపోతుంది, తడి ఆరదు. మన దగ్గర కూడా జూన్‌లో తొలకరి పడ్డాక నాలుగైదు రోజులు ఇదే పరిస్థితి. ఉష్ణోగ్రత 34కు దిగినా తేమ 65 శాతానికి పెరిగితే తడిబట్ట ఉష్ణమాపకం 28 దాకా ఎక్కి కూర్చుంటుంది. అందుకే మే నెలలో పనిచేసిన ఉపాయం జూన్‌లో సగమే పనిచేస్తుంది. ఆ రోజుల్లో తడితో పాటు గాలి కూడా ఆడాలి. నీళ్ళాట అయ్యాక నీడలో ఫ్యాను కింద కాసేపు కూర్చోబెడితే మేలు.

పెద్దవాళ్ళకు వర్తించే సూత్రమే పసివాళ్ళకూ వర్తిస్తుంది. కానీ కొలతలు వేరు. పది కిలోల బిడ్డకు కిలో బరువుకు దాదాపు 470 చదరపు సెంటీమీటర్ల చర్మం ఉంటుంది. అరవై కిలోల పెద్దమనిషికి కిలోకు 270 దాటి కొంచెం. అంటే ఒకటిన్నర రెట్లకు పైగా తేడా. గాలి చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు ఈ ఎక్కువ చర్మం మీదుగా వేడి త్వరగా లోపలికి వస్తుంది. అదే చర్మాన్ని తడిపితే అంతే త్వరగా వేడి బయటికి పోతుంది. పసిపిల్లల ఒంటి లెక్కలో ప్రమాదమూ ఉపాయమూ ఒకే చోట ఉన్నాయన్నమాట.

ఇక చెమట. మనిషి ఒంట్లో స్వేద గ్రంథులు 20 నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. పుట్టుకతోనే అన్నీ ఉంటాయి కానీ అన్నీ పనిచేయవు. జపాన్ శరీరధర్మ శాస్త్రవేత్త యాస్ కూనో జీవితమంతా మనిషి చెమట మీదే పనిచేసి, 1956లో ఆ విషయం మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. పుట్టిన తర్వాత మొదటి రెండు, రెండున్నర ఏళ్ళలో ఎన్ని గ్రంథులు పనిలోకి వస్తాయో ఆ సంఖ్యే చివరిదాకా ఉంటుందని, అది జాతిని బట్టి కాక పెరిగిన వాతావరణాన్ని బట్టి తేలుతుందని ఆయన చూపాడు. ఉష్ణదేశాల్లో పుట్టి పెరిగిన జపాన్ పిల్లలకు అక్కడి స్థానికులకు ఉన్నన్ని గ్రంథులు పనిచేస్తుంటే, పెద్దయ్యాక ఆ దేశాలకు వెళ్ళిన జపాన్‌వాళ్ళకు పాత సంఖ్యే ఉండిపోయింది. అయితే పసివాళ్ళ గ్రంథి ఒక్కొక్కటీ కార్చే చెమట పెద్దల కన్నా బాగా తక్కువ. అందుకని చిన్నపిల్లలు వేడిని వదిలించుకోవడానికి చెమట కన్నా చర్మానికి నెత్తురు పంపడం మీదే ఎక్కువ ఆధారపడతారు. చెవులు, బుగ్గలు వేడెక్కడం అందుకే. గాలి 42లో ఉన్నప్పుడు ఆ ఎత్తు కూడా పారదు. అప్పుడు పైనుంచి పోసే తడి ఆ పసి ఒంటికి అరువు తెచ్చిన చెమట.

దీన్నిబట్టి బిడ్డను గంటసేపు టబ్బులో కూర్చోబెట్టాలని అనుకోకూడదు. నీళ్ళకు ఉష్ణవాహకత గాలి కన్నా దాదాపు పాతిక రెట్లు ఎక్కువ. ఇరవై నాలుగు డిగ్రీల గాలి హాయిగా ఉంటుంది. అదే 24 డిగ్రీల నీళ్ళలో నడుముదాకా మునిగి కూర్చున్న బిడ్డ కాసేపటికి వణుకుతుంది, పెదవులు నీలమవుతాయి. ఒంటి మీద పలచగా ఉన్న తడి కొంచెం కొంచెంగా వేడి తీస్తుంది. చుట్టూ ఉన్న నీళ్ళు ఆగకుండా లాగేస్తాయి. రంజన్‌లో నుంచో బోరు నుంచో అప్పుడే తెచ్చిన నీళ్ళను నీడలో కాసేపు ఉంచి, మోచేతితో తాకి చూసి, చల్లగా కాక గోరువెచ్చకు కొంచెం తక్కువగా అనిపిస్తే అప్పుడు పోయడం మంచిది. నా ఉద్దేశంలో పసివాళ్ళకు కూర్చుని మునిగే టబ్బు కన్నా, నిలబడి చేతులు ముంచే బేసినే అన్ని విధాలా మేలు. బేసినులో నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళు, చేతిలో చిన్న చెంబు, ఒంటి మీద పలచని నూలు చొక్కా. చొక్కా తడిస్తే తడి ఎక్కువసేపు నిలుస్తుంది, ఎండ నుంచి వీపు, భుజాలు కాస్త కాపాడబడతాయి.

ఇంతలో లోపల్నుంచి నాయినమ్మ మాట వినిపిస్తుంది. “నీళ్ళల్ల ఆడితే సర్ది అయితది, తీస్కరా బిడ్డను.” ఈ మాటను సైన్సు పేరు మీద ఒక్క ముక్కలో కొట్టిపారేయడం తేలిక. జలుబుకు కారణం వైరస్, చల్లదనం కాదు. అది నిజమే. కానీ 2005లో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక ప్రయోగం ఆ పెద్దమనిషి వైపు కూడా కొంచెం మొగ్గింది. నూట ఎనభై మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత 10 డిగ్రీల చల్లటి నీళ్ళలో 20 నిమిషాలు కాళ్ళు పెట్టించారు. రెండో జట్టు ఖాళీ గిన్నెలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. తర్వాత నాలుగైదు రోజుల్లో మొదటి జట్టులో 26 మందికి, రెండో జట్టులో 8 మందికి జలుబు లక్షణాలు కనిపించాయి. కాళ్ళు చల్లబడితే ముక్కు లోపలి రక్తనాళాలు ముడుచుకుపోతాయి. అప్పటికే ముక్కులో దాగి ఉన్న వైరస్‌కు అది అవకాశమిస్తుందని ఆ పరిశోధకుల ఊహ. పాల్గొన్నవాళ్ళలో నిజంగా ఎవరి ముక్కులో వైరస్ ఉందో వాళ్ళు పరీక్షించలేదు. వాళ్ళు పరీక్షించింది పెద్దవాళ్ళను, అదీ చలి దేశంలో 10 డిగ్రీల నీళ్ళతో. వరంగల్ మే నెలలో నల్లా నీళ్ళు ఎంత ప్రయత్నించినా 10 డిగ్రీలకు రావు. ఫ్రిజ్‌లోని ఐసు టబ్బులో వేస్తే తప్ప. కాబట్టి నాయినమ్మకు చెప్పవలసిన జవాబు ఇది. ఐసు వేయం, వణుకు మొదలవకముందే తీస్తాం, తుడిచి పొడి బట్టలేస్తాం. ఆమె అడుగుతున్నది కూడా అదే.

మన ఊళ్ళో నీళ్ళు చల్లగా ఉండటం కన్నా వేడిగా ఉండటమే పెద్ద సమస్య. డాబా మీది నల్ల సింటెక్స్ ట్యాంకు పొద్దుటి నుంచి కాగి, మధ్యాహ్నం రెండింటికి నల్లా తిప్పితే పెద్దవాళ్ళ చెయ్యే చురుక్కుమంటుంది. ఎండలో పడి ఉన్న తోట పైపులో నిలిచిన నీళ్ళు అంతకన్నా ప్రమాదం. పైపు సన్నం, నీళ్ళు కొద్ది, పైన నల్లటి రబ్బరు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో 2016లో పిల్లల పూల్ నింపుతుండగా ఎండకు కాగిన పైపులో నుంచి వచ్చిన నీళ్ళు పడి తొమ్మిది నెలల పసివాడి ఒళ్ళు బొబ్బలెక్కింది. పసివాళ్ళ చర్మం పలచన. పెద్దల చేతికి కేవలం వేడిగా అనిపించిన నీళ్ళు వాళ్ళను కాల్చగలవు. పైపులో మొదట వచ్చే నీళ్ళు చెట్ల మొదట్లోకి కూడా కాదు, ఖాళీ నేల మీదికి వదిలేసి, చేతికి చల్లబడ్డాకే బిడ్డ దగ్గరికి తిప్పాలి.

నేల సంగతీ అంతే. ఎండ పడే షాబాద్ బండ, గ్రానైట్ గట్టు, డాబా సిమెంటు, ఇనుప గేటు, ఇవన్నీ గాలి కన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ కాగుతాయి. మనం చెప్పులతో తిరుగుతాం కనుక మనకు తెలియదు. బిడ్డ ఒట్టి కాళ్ళతో ఉంటుంది, పైగా నేలకు దగ్గరగా, ఆ సెగలోనే ఉంటుంది. వేపచెట్టు కిందో కానుగచెట్టు కిందో మట్టి నేల దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. చెట్టు ఆకులు కూడా నీళ్ళను ఆవిరి చేస్తూ తమను తాము చల్లబరుచుకుంటాయి. రేకుల నీడ అలా కాదు, రేకు కాగి కింద ఉన్నవాళ్ళ మీదికి వేడి విసురుతుంది. బాత్రూం టైల్సు, నున్నటి గచ్చు అయితే తడిసినప్పుడు కాలు జారుతుంది. తడిపిన గోనెసంచి పరిస్తే కాలికి పట్టూ ఉంటుంది, చల్లగానూ ఉంటుంది. పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు మంచి సమయం. సాయంత్రం అయిదున్నర తర్వాత కూడా ఫరవాలేదు కానీ, అప్పటికి పగలంతా మింగిన వేడిని గోడలు కక్కుతుంటాయి. ముందుగా ఒక బకెట్ నీళ్ళు వాకిట్లో చల్లి పదిహేను నిమిషాలు ఆగితే నేల లొంగుతుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఆట ఏ రూపంలోనూ వద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఆ వేళ అతినీలలోహిత సూచిక 11 దాటి, అత్యంత తీవ్రమైన మెట్టు మీద ఉంటుంది. నీళ్ళు ఆ కిరణాలను ఆపవు.

ఇక్కడే ఒక చిన్న అలవాటు గురించి చెప్పాలి. పిల్లలను బండిలోనో ఉయ్యాలలోనో పడుకోబెట్టి ఎండ తగలకుండా పైన బట్ట కప్పుతాం. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ఇది కొలిచి చూశారు. పొడి బట్ట కప్పిన పిల్లల బండిలో ఉష్ణోగ్రత బయటికన్నా రెండున్నర డిగ్రీలకు పైగా పెరిగింది. అదే బట్టను తడిపి కప్పి, చిన్న ఫ్యాను తగిలిస్తే దాదాపు అయిదు డిగ్రీలు తగ్గింది. బట్ట అదే, తేడా తడి, గాలి.

ఇదంతా ఒంటి గురించి. నీళ్ళలో బిడ్డ చేసే అసలు పని ఇంకొకటుంది, నన్ను ఈ విషయం వైపు లాగింది కూడా అదే.

నీళ్ళు ఎలా ప్రవర్తిస్తాయో బిడ్డకు ఎప్పుడు తెలుస్తుంది? అమెరికా మనస్తత్వవేత్త సూసన్ హెస్పోస్, ఆమె సహచరులు 2009లో అయిదు నెలల పసిబిడ్డల మీద ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు బిడ్డలకు ఒక గ్లాసులో నీలిరంగు నీళ్ళు చూపించి గ్లాసును అటూ ఇటూ వంచారు. నీటి మట్టం గ్లాసుతో పాటు వంగకుండా కదిలింది. ఇంకొందరికి చూడటానికి అచ్చం అలాగే ఉన్న గట్టి నీలి ముద్దను చూపించారు. గ్లాసుతో పాటు అదీ వంగింది. తర్వాత గ్లాసును ఇంకో గ్లాసులోకి వంచారు. నీళ్ళు చూసిన బిడ్డలకు ముద్ద దొర్లి పడితే, ముద్దను చూసిన బిడ్డలకు నీళ్ళు ధారగా పడితే, వాళ్ళు ఎక్కువసేపు కళ్ళప్పగించి చూశారు. అనుకున్నది జరిగితే త్వరగా చూపు తిప్పేశారు. అంటే ఇంకా కూర్చోవడం కూడా రాని వయసులో, ఒక్క మాట పలకకముందే, మట్టం కదిలే వస్తువు ధారగా పడుతుందని బిడ్డ ఎదురు చూస్తున్నది. నాకు తెలిసిన పసిపిల్లల ప్రయోగాల్లో ఇంత తేట అయినది తక్కువ.

అయిదు నెలల బిడ్డ చూసి ఊహించేది ఏడాదిన్నర బిడ్డ చేత్తో చేసి చూస్తుంది. చెంబులో నుంచి గ్లాసులోకి, గ్లాసులో నుంచి గిన్నెలోకి, మళ్ళీ చెంబులోకి. పక్కన ఉన్న పెద్దవాళ్ళకు విసుగు పుడుతుంది. బిడ్డకు పుట్టదు, ఎందుకంటే ఏ రెండు ధారలూ ఒకేలా రావు. మణికట్టు ఎంత వంచితే ఎంత పడుతుంది, ఎప్పుడు ఆపితే పొంగకుండా నిలుస్తుంది, ఇది కండరాలకూ కంటికీ మధ్య జరిగే కష్టమైన ఒప్పందం. మారియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఒంపడం ఆమె పద్ధతిలో ఒక పాఠం. ముందు గింజలు, తర్వాత నీళ్ళు. ఒలికితే బిడ్డే తుడుస్తుంది. తుడవడం శిక్ష కాదు, అది కూడా పాఠంలో భాగమే.

చిన్న గ్లాసులోని నీళ్ళను పొడవాటి గ్లాసులో పోస్తే ఎక్కువైనట్టు పిల్లలు అనుకుంటారని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే చూపాడు. కళ్ళ ముందే పోసినా సరే, ఎత్తు పెరిగింది కనుక నీళ్ళు పెరిగాయంటారు. దాదాపు ఏడేళ్ళ దాకా ఈ నమ్మకం వదలదు. రెండేళ్ళ బిడ్డకు దీన్ని వివరించి లాభం లేదు, వివరించనూ కూడదు. ఆ వయసుకు కావలసింది రకరకాల పాత్రలు. సన్న మూతి సీసా, వెడల్పు గిన్నె, చాయ్ వడపోసే జాలి, చిల్లులున్న కొబ్బరిచిప్ప, స్పాంజి ముక్క, తేలే బెండు, మునిగే గులకరాయి. జాలిలో నీళ్ళు ఎందుకు నిలవవు? చిప్ప అడుగున వేలు పెట్టి మూస్తే ధార ఎందుకు ఆగింది? ఈ ప్రశ్నలను బిడ్డ మాటల్లో అడగదు. మళ్ళీ మళ్ళీ చేసి అడుగుతుంది. కొనుక్కొచ్చే ప్లాస్టిక్ నీళ్ళ ఆటబొమ్మ చాలావరకు ఒక్క పనే చేస్తుంది. వంటింటి సామాను వంద పనులు చేస్తుంది.

చెవికీ పని ఉంది. స్టీలు చెంబులోకి ధార పడుతుంటే చప్పుడు మొదట బొంగురుగా ఉండి, నిండుతున్న కొద్దీ సన్నబడుతుంది. చెంబులో మిగిలిన గాలి స్తంభం పొట్టిదవుతుంటే అందులో మోగే స్వరం పైకి పోతుంది. పిల్లనగ్రోవిలో జరిగేదీ ఇదే. బిడ్డకు ఈ సూత్రం తెలియదు, కానీ నిండబోతున్నదని చెవితో పట్టుకోవడం ఆటలోనే వస్తుంది. మనం కూడా చీకట్లో బిందె నింపేటప్పుడు చెవినే నమ్ముకుంటాం.

మరొకటి చూడండి. బూడిదరంగు షాబాద్ బండ మీద తడి పాదం వేస్తే నల్లటి అడుగు ముద్ర పడుతుంది. రంగు కలపలేదు, నీళ్ళు తేటగానే ఉన్నాయి, మరి రాయి ఎందుకు నల్లబడింది? స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ 1925లో దీనికి జవాబు చెప్పాడు. రాతి మీద పలచని నీటి పొర ఉన్నప్పుడు, రాయి వెనక్కి తిప్పిన వెలుగులో కొంత ఆ పొర పైఅంచుకు తగిలి తిరిగి రాతి మీదికే పడుతుంది. అలా రెండుసార్లు మూడుసార్లు రాయిని తాకిన వెలుగును రాయి ఎక్కువగా మింగేస్తుంది. కంటికి చేరేది తగ్గుతుంది. మే నెలలో నీడలో కూడా ఆ ముద్ర చూస్తుండగానే అంచుల నుంచి తగ్గుతూ మాయమవుతుంది. బిడ్డ వంగి తన అడుగు ఎక్కడికి పోయిందని వెతుక్కుంటుంది. ఒంటి మీద జరుగుతున్నదే రాతి మీద కంటికి కనిపిస్తున్నది. ఆ వయసులో ఆవిరి గురించి ఇంతకన్నా మంచి పాఠం ఎవరూ చెప్పలేరు. పక్కన ఉన్నవాళ్ళు చేయవలసింది జరుగుతున్నదానికి మాట అందించడం. నిండింది, పొంగింది, ఒలికింది, ఇంకింది, ఆరింది. బిడ్డ కళ్ళముందు పని జరుగుతున్న క్షణంలో విన్న మాట త్వరగా పట్టుబడుతుంది.

ఈ ఆటకు, ఈ చదువుకు, ఈ చల్లదనానికి నాలుగు వేళ్ళ నీళ్ళు చాలు. లోతు పెరిగితే వీటిలో ఏ ఒక్కటీ పెరగదు. పెరిగేది ప్రాణభయం ఒక్కటే.

పసివాళ్ళు మునగడానికి చెరువు అక్కర్లేదు. ముక్కూ నోరూ మునిగేంత నీళ్ళు, అయిదు సెంటీమీటర్లు చాలు. కారణం వాళ్ళ ఆకారంలోనే ఉంది. పుట్టినప్పుడు తల మొత్తం ఒంటి పొడవులో నాలుగో వంతు, రెండేళ్ళకు దాదాపు అయిదో వంతు. పెద్దవాళ్ళలో ఏడు, ఎనిమిదో వంతు. బరువంతా పైన ఉన్న బిడ్డ బకెట్‌లోకి తొంగి చూసి తల కిందులైతే, మళ్ళీ లేచేంత బలం చేతుల్లో ఉండదు. సగం నీళ్ళున్న బకెట్ ఒరగదు కూడా. అన్నిటికన్నా దారుణం, చప్పుడు కాదు. సినిమాలో చూపినట్టు కేకలు, చేతులు కొట్టుకోవడం ఉండవు. ఊపిరికే దారి లేనప్పుడు కేక ఎక్కడి నుంచి వస్తుంది? నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పొయ్యి మీది పాలు దించి వచ్చేంత సమయం కూడా లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో నీట మునిగే మరణాల మీద తన మొదటి ప్రపంచ స్థాయి నివేదిక ఇచ్చింది. 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది మునిగి చనిపోయారని, వాళ్ళలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ళలోపు పిల్లలని ఆ నివేదిక చెప్పింది. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణ కారణాల్లో ఇది నాలుగోది.

కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టి ఎనిమిది వందల ఏళ్ళయింది. భద్రకాళి చెరువు ఊరి నడిబొడ్డున ఉంది, వడ్డేపల్లి చెరువు ఇళ్ళ మధ్యలోకి వచ్చేసింది. నీళ్ళంటే మన ఊరికి భయం కన్నా ప్రేమ ఎక్కువ, అది మంచిదే. అయితే నడక నేర్చే బిడ్డకు చెరువు కన్నా దగ్గరగా ఉన్న ప్రమాదం ఇంటి ముందరి సంపు. నల్లా రోజు విడిచి రోజు వచ్చే వాడల్లో ప్రతి ఇంట్లో నీళ్ళు నిలవ ఉంటాయి, సంపులోనో డ్రమ్ములోనో గోలెంలోనో. మోటారు వేయడానికి సంపు మూత తీసి, నీళ్ళు ఎంత ఉన్నాయో చూసి, మళ్ళీ వేయడం మరిచిపోయే ఆ రెండు నిమిషాలే ప్రమాదం. బిడ్డ చేతితో లేవని బరువైన మూత, దానికో గొళ్ళెం, అది వేసి ఉందా అని రోజూ చూసే ఒక మనిషి. డ్రమ్ములకు బిగుతు మూతలు. స్నానాల గదికి బయటినుంచి గడియ. ఆట అయిపోగానే బేసిను బోర్లించడం. నీళ్ళాట నేర్పిన ఇంట్లో బిడ్డ నీళ్ళను వెతుక్కుంటూ పోతుంది. కాబట్టి ఈ జాగ్రత్తలు ఆటలో భాగం. ఆట జరుగుతున్నంతసేపూ ఒక పెద్ద మనిషి చేయి చాపితే అందేంత దూరంలో, ఫోను పక్కన పెట్టి ఉండాలి. అయిదారేళ్ళ అక్కకు, అన్నకు ఈ కాపలా అప్పగించకూడదు.

మిగిలిన జాగ్రత్తలు చిన్నవి. పిల్లలు ఆడే నీళ్ళను తాగుతారు, ఎంత వద్దన్నా తాగుతారు. అందుకే తాగడానికి పనికొచ్చే నీళ్ళతోనే ఆడనివ్వాలి. విరేచనాలతో ఉన్న బిడ్డను ఆ బేసిను దగ్గరికి రానివ్వకూడదు. ఆటకు ముందు, మధ్యలో కొంచెం మంచినీళ్ళు ఇవ్వాలి, ఆట మత్తులో దాహం గుర్తుకు రాదు. ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా, డస్సిపోయి పిలిస్తే పలకకపోయినా, ఒళ్ళు కాలుతూ వాంతులైనా అది ఆట సంగతి కాదు, వడదెబ్బ కావచ్చు. ఒళ్ళంతా తడిపి గాలి విసురుతూ 108కు ఫోను చేయాలి. జ్వరం మందు వడదెబ్బకు పనిచేయదు. నీళ్ళు మర్నాటికి నిలవ ఉంచితే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పాత్ర అంచుకు అతుక్కుని ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్ళీ తడి తగలగానే పిల్లలవుతాయి. పారబోయడం చాలదు, అంచు రుద్ది కడగాలి. పది లీటర్లు ఒక పూట ఆటకు ఎక్కువే. అయిపోయాక అవి మల్లెచెట్టుకో కూరపాదులకో పోతాయి కనుక, బోర్లు ఎండే నెలలో నీళ్ళు వృథా చేశామన్న బాధ అక్కర్లేదు.

బంగ్లాదేశ్ పల్లెల్లో పసిపిల్లలు ఎక్కువగా మునిగేది పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకూ మధ్య, తల్లులు ఇంటి పనుల్లో ఉన్న వేళ. అక్కడ ఆ గంటల్లో పిల్లలను చూసుకోవడానికి ‘ఆంచల్’ పేరుతో ఊరూరా చిన్న కేంద్రాలు పెట్టారు. వాటికి వచ్చిన పిల్లల్లో నీట మునిగే మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. కంచెలు కట్టలేదు, చెరువులు పూడ్చలేదు. ఆ వేళ బిడ్డ మీద ఒక మనిషి కన్ను ఉండటమే తేడా.

తెలంగాణలో అలాంటి కన్ను కొత్తగా తెరవనక్కర్లేదు. 35,700 అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. వరంగల్, హనుమకొండ వాడల్లో చాలా కేంద్రాలు అద్దె ఇళ్ళల్లో, ఇరుకు గదుల్లో నడుస్తున్నాయని తెలుసు. అయినా ఎండ ముదరకముందు, పొద్దున అరగంట, నీడ పడే గోడ పక్కన రెండు వెడల్పు బేసిన్లు, పది స్టీలు గ్లాసులు, నాలుగు జాలీలు పెట్టడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. కావలసింది టీచరమ్మ, ఆయమ్మలతో పాటు ఆ అరగంట ఇంకే పనీ పెట్టుకోని మూడో మనిషి. పిల్లల తల్లులో, నాయినమ్మలో వంతులు వేసుకుని ఒక్కొక్కరు ఒక్కో రోజు వస్తే ఆ లోటు తీరుతుంది. ఈ ఎండకాలానికి ఏదో ఒక వాడలో ఇది మొదలుపెట్టాలంటే మార్చి నెల తల్లుల సమావేశంలోనే వంతుల పట్టీ రాసుకోవాలి. రంజన్ కొని, కడిగి, నానబెట్టేది కూడా అప్పుడే.